వానపాట బరువెంత?

రేపు భోగి. మా ఆవిడ అటక మీది అట్టపెట్టె ఒకటి దింపించి సరిగ్గా నా కుర్చీ ముందు పెట్టించింది. "ఏమండీ, ఇందులో ఉంచేవేవో పారేసేవేవో రాత్రికల్లా తేల్చండి. పండక్కి పిల్లలొస్తున్నారు, ఇల్లు సర్దుకోవాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అరిసెల పాకం పొయ్యి మీద ఉంది కాబట్టి వాదించే వీల్లేదు. మూత తీశాను. సినిమాలు! వీసీడీలు, డీవీడీలు, నాలుగు బ్లూరేలు, చివికిపోయిన కాగితం లేబుళ్ళు. నా ముప్పై ఏళ్ళ సినిమా పిచ్చి అంతా అడుగున్నర లోతు పెట్టెలో ఉంది.

రండి, మీరూ ఇలా కూర్చోండి. గోదావరి మీంచి గాలి చల్లగా వస్తోంది, ఆ కిటికీ రెక్క కొంచెం దగ్గరగా వేయండి. ఈ పెట్టె తేల్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పైగా మీకూ ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. పెట్టె కాకపోతే హార్డ్ డిస్కు. అది నిండిపోయిందని ఎర్ర గీత చూపిస్తూ ఉండుంటుంది.

వీసీడీల కాలం గుర్తుందా? ఒక్కో డిస్కులో గంటా పావు సినిమా పట్టేది. మన సినిమాలు రెండున్నర గంటలకు తగ్గేవి కావు కనుక రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు. హీరో కత్తి ఎత్తగానే డిస్కు అయిపోయేది. రెండోది పెట్టేదాకా ఆ కత్తి గాల్లోనే. అప్పటి బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. అదే మహా గొప్పగా కనబడేది. ఇప్పుడు 4కె అంటున్నామే, అది అడ్డంగా 3840, నిలువుగా 2160. మొత్తం 82 లక్షల 94 వేల చుక్కలు. అంటే ఆ పాత వీసీడీ బొమ్మలు దాదాపు 82 తెచ్చి పక్కపక్కన అతికిస్తే ఒక్క 4కె బొమ్మ అవుతుంది. కన్ను అలవాటు పడిపోయాక వెనక్కి వెళ్ళనంటుంది కదా, కష్టమంతా అక్కడే మొదలైంది.

నాకు ఆ కష్టాన్ని తెచ్చినవాడు మా బావమరిది. డాలస్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా చాక్లెట్లతో పాటు నాకు రెండు మూడు డిస్కులు తెస్తాడు. ఇంగ్లీషు సినిమాల 4కె బ్లూరేలు. 2016లో మొదలయ్యాయి ఇవి. ఒక్కో డిస్కు 66 జీబీ, కొన్నయితే 100. ప్రతిసారీ డిస్కు మార్చడం ఎందుకు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే సోఫాలోంచి లేవకుండా చూసుకోవచ్చు కదా అనిపించింది. నేను కొనుక్కున్నవీ నాకు తెచ్చినవీ నా ఇంట్లో నేను చూసుకోవడానికే లెండి. వీధిలో పంచిపెట్టే వ్యాపారం కాదు. అలా 4 టీబీ డిస్కు ఒకటి కొన్నాను. యాభై సినిమాలకు మించి పట్టలేదు.

అసలు కొన్న రోజే ఒక చిన్న తగాదా అయింది. పెట్టె మీద 4 టీబీ అని ఉంది, కంప్యూటర్లో పెడితే 3.63 అని చూపిస్తోంది. మూడొందల డెబ్భై జీబీ మాయం! కొట్టువాడితో పోట్లాటకు బయలుదేరబోతుంటే మా అబ్బాయి ఆపాడు. మోసమేమీ లేదట. డిస్కు చేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. సరుకొకటే, కొలపాత్ర వేరు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మానికకీ, పక్క ఊళ్ళో మానికకీ తేడా ఉండేదంటే నవ్వేవాళ్ళం. కంప్యూటర్లు కూడా ఆ గొడవ తీర్చుకోలేదన్నమాట.

సరే, డిస్కు నిండింది. ఇంకోటి కొనాలా, ఉన్నవాటిని నొక్కి కుదించాలా? మా ఆవిడ ఓటు దేనికో మీకు తెలుసు. నేను కుదించడం వైపు దిగాను. దిగాక తెలిసిందేమిటంటే, నా చేతిలోకి వచ్చేసరికే సినిమాని ఒకసారి బాగా నొక్కేసి ఉంచారు.

లెక్క చూడండి. 4కె బొమ్మలో ప్రతి చుక్కకీ ఎరుపు, పచ్చ, నీలం మూడు రంగులకు మూడు బైట్లు అనుకుంటే ఒక బొమ్మ దాదాపు 25 ఎంబీ. సెకనుకి 24 బొమ్మలు. మూడు గంటల సినిమాలో 2,59,200 బొమ్మలు. గుణించండి. దాదాపు ఆరున్నర టీబీ! ఒక్క సినిమాకి. నా కొత్త డిస్కులో ఒక్క సినిమా కూడా పట్టదు, ఇంటర్వెల్ దాటిన కాసేపటికే ఆగిపోతుంది. ఆ ఆరున్నర టీబీని 100 జీబీ డిస్కులో కూర్చిపెట్టారంటే అరవై అయిదో వంతుకి తగ్గించారన్నమాట. ఇక నెట్‌ఫ్లిక్స్ 4కె కోసం 15 మెగాబిట్ల వేగం కావాలంటుంది. బిట్లని ఎనిమిదితో భాగిస్తే బైట్లు. ఆ వేగంతో మూడు గంటలు పారితే వచ్చేది ఇరవై జీబీ. ఆరున్నర వేల జీబీ ఎక్కడ, ఇరవై ఎక్కడ! మిగతాదంతా ఏమైనట్టు?

అది చెప్పాలంటే మీరు పెళ్ళి వీడియో ఒకటి ఊహించుకోవాలి. మండపం కట్టి ఉంది. అరటి చెట్లు కదలవు, పందిరి గుంజ కదలదు, వెనకాల కుర్చీలో నిద్రపోతున్న పెద్దాయన అసలే కదలడు. కదిలేది పంతులుగారి చెయ్యి ఒక్కటే. అలాంటప్పుడు ప్రతి బొమ్మలోనూ పందిరి మొత్తం మళ్ళీ గీయడం దండగ కదా. అందుకని మొదటి బొమ్మ ఒకటి పూర్తిగా దాచి, తర్వాతి వాటికి "అంతా మునుపటిలాగే, పంతులుగారి చెయ్యి మాత్రం ఇంత పక్కకి జరిగింది" అని చీటీ రాసిపెడతారు. బొమ్మని గళ్ళలుంగీలాగా చదరాలు చదరాలు చేసి, ఏ గడి ఎటు జరిగిందో రాసుకుంటారు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలో పెద్ద గడి అంటే 16 చుక్కలకి 16. 2013లో హెచ్.265 వచ్చేసరికి 64కి 64 దాకా పోవచ్చు. ఆకాశం లాంటి ఖాళీ చోట పెద్ద గడి, ముఖం దగ్గర చిన్న గడి. ఏదెక్కడ వేయాలో వెతుక్కునే తెలివే ఒక్కో పద్ధతికీ ఒక్కో తరానికీ పెరుగుతూ వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అదే పెళ్ళిలో తలంబ్రాలు మొదలయ్యాయనుకోండి. వేల బియ్యపు గింజలు, ఏ గింజ దారి దానిదే. మునుపటి బొమ్మలో ఉన్నది ఈ బొమ్మలో లేదు. చీటీ రాసేవాడు కలం కింద పడేసి పారిపోతాడు. వీడియో కుదించేవాళ్ళకి తలంబ్రాలని మించిన శత్రువు లేదు. కాదు, ఉంది. మన వానపాట! హీరోయిన్ తెల్లచీర, చుట్టూ పొగ, మీద లారీ ట్యాంకర్లతో కురిపించిన వాన, వెనక ముప్పైమంది డ్యాన్సర్లు, సెకనుకో కట్. ఒక తెలుగు సినిమాలో కబుర్ల సీను పది నిమిషాలకయ్యే జాగా, వానపాట మూడు నిమిషాలు తినేయడం నేను కళ్ళారా చూశాను. సుమోలు గాల్లోకి లేచి ఎర్రమట్టి రేగే ఫ్యాక్షన్ సీన్లు కూడా ఆ కోవలోవే. మన దర్శకులకి కుదింపు యంత్రాల మీద జాలి లేదు.

ఒక్కో గడి లోపల జరిగేది ఇంకా ముచ్చటైన సంగతి, దాని వెనక మనుషుల కథ ఉంది కనుక. ఎనిమిది చుక్కలకి ఎనిమిది ఉన్న గడి ఒకటి తీసుకుంటే, దాన్ని 64 రకాల చారల నమూనాల కలయికగా చెప్పొచ్చు. 64 కళలు అన్నట్టే! ఏ నమూనా ఎంతపాలు కలిపితే ఈ గడి వస్తుందో రాసుకుంటే చాలు. గమ్మత్తేమిటంటే, లావు చారల నమూనాలకే మన కన్ను విలువ ఇస్తుంది. సన్నటి, బహు సన్నటి చారల్ని కొంచెం అటూ ఇటూ చేసినా, పూర్తిగా ఎత్తేసినా పట్టించుకోదు. రంగు విషయంలో మన కన్ను మరీ మొద్దు. వెలుగు నీడల తేడాని కనిపెట్టినంత చురుగ్గా రంగుల తేడాని కనిపెట్టలేదు. అందుకని రంగు వివరం నాలుగు చుక్కలకి ఒకటి చొప్పున ఉంచినా మనకి అంతా నిండుగానే అనిపిస్తుంది.

ఈ చారల లెక్కకి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అని పేరు. డీసీటీ అంటారు. 1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో నాలుగంటే నాలుగు పేజీల వ్యాసంగా వచ్చింది. రాసినవాళ్ళు ముగ్గురు. బెంగళూరులో పుట్టి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, టెక్సస్‌లో పనిచేసే స్నేహితుడు కె.ఆర్. రావు. అంతకు రెండేళ్ళ ముందు అహ్మద్ ఈ ఆలోచన మీద పనిచేస్తాను, కాస్త డబ్బివ్వండని అమెరికా సైన్స్ ఫౌండేషన్‌కి రాసుకున్నారు. ఇవ్వలేదు. మరుసటి ఏడు వేసవిలో జీతం లేకుండానే కూర్చుని పని తేల్చారాయన. మీ ఫోన్లో ఫొటో దగ్గర్నుంచి ఓటీటీ సినిమా దాకా ఇవాళ నడుస్తున్నది ఆ నాలుగు పేజీల సంతానమే. కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ ఇంటిపేరు వినగానే ఎక్కడో చుట్టరికం తగిలినట్టు లేదూ? ఆయన అర్ధ శతాబ్దం పాటు పాఠాలు చెప్పిన ఆర్లింగ్టన్ మా బావమరిది ఉండే డాలస్ పక్కనే. డిస్కులు మోసుకొచ్చేవాడికి ఆ సంగతి నేను చెబితే గానీ తెలియలేదు.

అన్నట్టు ఈ కుదింపులో రెండు జాతులున్నాయి. పట్టుచీర మడతపెట్టి బీరువాలో పెడతాం. ఎన్నాళ్ళకి విప్పినా అదే చీర, ఒక్క పోగు తగ్గదు. ఫైళ్ళని జిప్ చేయడం ఆ జాతి. సినిమాని అలా మడతపెడితే పెద్దగా తగ్గదు. సినిమా కుదింపు కోవా కాచడం. లీటరు పాలు పావు కిలో అవుతాయి, రుచి గట్టిపడుతుంది, బాగానే ఉంటుంది. కానీ కోవాని నీళ్ళలో వేసి మరగబెడితే మళ్ళీ పాలు రావు. ఇది తెలియక నేనొక పొరపాటు చేశాను. ఒకసారి కుదించిన ఫైళ్ళనే "ఇంకొంచెం తగ్గుతాయేమో" అని మళ్ళీ కుదించాను. కోవాని మళ్ళీ పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? అడుగంటుతుంది. నల్లటి సీన్లలో గళ్ళు తేలాయి, మొహాల మీద మరకలు. అసలు డిస్కులు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. కుదించాలంటే ఎప్పుడూ అసలు దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

నేను వాడేది హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఒక మీట ఉంటుంది, 0 నుంచి 51 దాకా. అంకె పెరిగే కొద్దీ ఫైలు చిన్నదవుతుంది, బొమ్మ పలచబడుతుంది. అంకె ఆరు పెరిగితే ఫైలు సుమారుగా సగం అవుతుంది. మామూలు హెచ్‌డీ సినిమాకి 20 నుంచి 24, 4కెకి 22 నుంచి 28 మధ్యలో పెట్టుకోమని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళే చెబుతారు. నేను 22 దగ్గర పెడతాను. ఈ పద్ధతిలో మెచ్చుకోవలసింది ఒకటుంది. ఫలానా సైజు చెయ్యమని మనం ఆజ్ఞ వేయం, ఫలానా నాణ్యత చాలంటాం. కబుర్ల సినిమా అయితే తక్కువ జాగాలో సర్దుకుంటుంది, వానపాటల సినిమా అయితే ఎక్కువ తీసుకుంటుంది. నా దగ్గర 70 జీబీ సినిమాలు కొన్ని 18కి దిగాయి, ఒక యుద్ధం సినిమా మాత్రం 35 దగ్గర మొండికేసింది. ప్రతి సినిమానీ ఒకే సైజుకి తెగ్గొట్టి పెట్టేవాళ్ళని చూస్తే నాకు చిన్న పిల్లాడికీ పహిల్వానుకీ ఒకే కొలత చొక్కా కుట్టే దర్జీ గుర్తొస్తాడు.

పక్కనే వేగం మీట ఇంకోటి. తొందరగా కానిమ్మంటే ఫైలు లావుగా వస్తుంది, నిదానంగా చెయ్యమంటే సన్నగా వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకి అప్పగిస్తే అరగంటలో ముగించేస్తుంది గానీ అదే నాణ్యతకి ఫైలు పెద్దది. నేను నిదానం వైపు. మా లాప్‌టాప్ సెకనుకి అయిదు బొమ్మలు నములుతుంది. రెండు లక్షల అరవై వేల బొమ్మలు అయ్యేసరికి పద్నాలుగు గంటలు పైన. రాత్రి తొమ్మిదింటికి పెడితే మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి అవుతుంది. రాత్రంతా ఫ్యాను రొద. "పిండిమర పక్కన పడుకున్నట్టుంది" అని మా ఆవిడ రెండు రోజులు పక్కగదికి మకాం మార్చింది.

అసలు నొక్కడానికి ముందు ఊడ్చవలసింది కొంత ఉంటుంది, అది ఎవరూ చెప్పరు. బావమరిది తెచ్చే డిస్కుల్లో ఫ్రెంచి డబ్బింగు, స్పానిష్ డబ్బింగు కూడా ఉంటాయి. రాజమండ్రిలో మా ఇంట్లో స్పానిష్ ఎవరికొచ్చండీ? ఒక్కో డబ్బింగు సెకనుకి 640 కిలోబిట్ల లెక్కన మూడు గంటలకి 860 ఎంబీ పైన తింటుంది. ఇక అసలు ఇంగ్లీషు సౌండు, ఇంట్లో పెద్ద స్పీకర్ల కోసం నష్టం లేకుండా దాచినదైతే, నాలుగైదు జీబీలు దానికే పోతాయి. మాకున్నవి టీవీ పొట్టలోని రెండు స్పీకర్లు. వాటికి రెండొందల ఎంబీ సౌండు చాలు. ఇలా తీసేస్తే బొమ్మలో ఒక్క చుక్క కూడా చెడకుండా జాగా మిగులుతుంది.

నేను మాత్రం ఒక సినిమా జోలికి పోలేదు. మాయాబజార్. 1957 నాటి నలుపు తెలుపు సినిమా, 184 నిమిషాలు. 2010లో రంగులు వేసి విడుదల చేశారు, అదీ ఉంది నా దగ్గర. అయినా నాకు నలుపు తెలుపే ఇష్టం. అందులో మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పట్టిన వెన్నెల ఉంది చూశారూ, అది కుదింపుకి లొంగదు. నలుపు నుంచి తెలుపుకి మెల్లగా, కనీ కనబడకుండా మారే ఛాయలు. ఎనిమిది బిట్ల పద్ధతిలో ఉండేవి 256 మెట్లే. గట్టిగా నొక్కితే అవీ కలిసిపోయి, నునుపైన ఆకాశం కాస్తా రేవు మెట్లలా చారలు చారలుగా కనబడుతుంది. పది బిట్లలో అయితే 1024 మెట్లు, అందుకని చీకటి సీన్లున్న సినిమాలన్నీ ఇప్పుడు నేను పది బిట్లలోనే దాస్తాను. ఫైలు పెద్దగా పెరగదు కూడా.

పాత ఫిల్ముతో ఇంకో చిక్కు, దాని మీద సన్నటి రవ్వ ఉంటుంది. తెర మీద ఎప్పుడూ చీమలు పాకినట్టు కదులుతూ ఉంటుంది. మనకది అందం, కుదించేవాడికి అది నిత్యం తలంబ్రాలు. ఆ రవ్వని తుడిచేస్తే ఫైలు సగమైపోతుంది, దాంతో పాటు సావిత్రి మొహం మైనపు బొమ్మ అవుతుంది. 2018లో వచ్చిన ఏవీ1 అనే పద్ధతి వాళ్ళు దీనికొక తెలివైన ఉపాయం పన్నారు. రవ్వ తీసేసి బొమ్మని చప్పగా పంపిస్తారు, వెంట ఒక చిన్న చీటీ, ఎలాంటి రవ్వ ఎంత చల్లాలో. చూసేచోట యంత్రం చల్లుకుంటుంది. పప్పు ఉడికించి పంపి, తిరగమోత మీరే పెట్టుకోండన్నట్టు. ఉపాయం మంచిదే గానీ ఆ పోపు మా టీవీకి పెట్టడం రాదు. అది పాతది.

టీవీ మాట వచ్చింది కనుక మీకో ప్రశ్న. మీ టీవీ ఎంత, సోఫా ఎంత దూరం? మాది 43 అంగుళాలు, సోఫా పది అడుగుల దూరం. అంత దూరం నుంచి ఆ తెర మీద 4కెకీ, అందులో నాలుగో వంతు చుక్కలున్న మామూలు హెచ్‌డీకీ మంచి కన్ను కూడా తేడా పట్టలేదు. నా కన్ను మంచిదీ కాదు, నిరుడే కంటి శుక్లం తీయించుకున్నాను. ఈ సంగతి లెక్కేసుకున్న రోజు నేను కాసేపు మాట్లాడలేదు. నాలుగు నెలలు పిండిమర తిప్పింది ఎవరి కళ్ళ కోసం? అప్పట్నుంచి మళ్ళీ మళ్ళీ చూసే పది పన్నెండు సినిమాలే 4కెలో ఉంచి, ఒకసారి చూసి మరచిపోయేవన్నీ హెచ్‌డీకి దించేశాను. ఫైళ్ళు అయిదారు జీబీలకి వచ్చాయి. పెద్ద తెర కొనే రోజు వస్తే డిస్కులు అటక మీదే ఉన్నాయి.

పోయిన సంక్రాంతికి అలా తయారుచేసిన సినిమా ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా చెల్లెలింటికి పట్టుకెళ్దామనుకున్నాను. 32 జీబీ పెన్‌డ్రైవ్, ఖాళీగా ఉంది. ఆరు జీబీ ఫైలు ఎక్కనంటోంది! ఫైలు మరీ పెద్దదట. గంట సేపు దాన్ని పీకి పెట్టి, పీకి పెట్టి, చివరికి కొత్తది కొన్నాను. కొత్తదీ ఎక్కనంది. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో వస్తాయి, అందులో ఏ ఒక్క ఫైలూ నాలుగు జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే రెండు నిమిషాల పని. చేశాను, తీసుకెళ్ళాను. అక్కడ బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు. ఆ ఫైల్లో నేను మార్చకుండా వదిలేసిన డీటీఎస్ సౌండు ఆ టీవీకి అర్థం కాదట. మా బావగారు "మూకీ సినిమా బాగుందోయ్" అన్నారు.

భద్రం సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదే కనుక. రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా పెట్టే ఏర్పాటు ఒకటుంది, రెయిడ్ అంటారు. ఒక డిస్కు కాలిపోతే రెండోది కాపాడుతుంది. మా బావమరిది దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. ఒకరోజు పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేశాడు. అద్దం కదా, అవతలి డిస్కులో కూడా ఆ క్షణమే చెరిగిపోయింది. అందుకని నావి వేరే వేరే డిస్కుల్లో, ఒకటి మా ఇంట్లో, ఒకటి హైదరాబాదులో మావాడి ఇంట్లో. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక డిస్కు తిరుగుతుండగా దానికి యూపీఎస్ కూడా.

ఇక నేను చేసిన అసలు తప్పు సంగతి.

ఈ పెట్టె అడుగున ఒక తెల్ల కవరుంది. అందులో రెండు వీసీడీలు. మా పెళ్ళి. 1996లో వీహెచ్ఎస్ క్యాసెట్లో తీశారు. మన గోదావరి తేమకి క్యాసెట్లు బూజు పట్టేవి. 2003లో ఒక షాపులో ఇస్తే ఆ క్యాసెట్‌ని వీసీడీల్లోకి ఎక్కించి ఇచ్చారు. తళతళలాడే డిస్కులు. ఇక ఈ నల్ల డబ్బా ఎందుకని ఆ ఏడు భోగిమంటలో క్యాసెట్ వేశాను. నేనే, నా చేత్తో. నల్లటి పొగ, ఒకటే కంపు, ఎదురింటి మాస్టారు బయటికొచ్చి తిట్టారు. ఆయన తిట్టింది పొగ గురించే.

కొనగలిగిన సినిమాలకి పది బిట్లు, పద్నాలుగు గంటలు, రెండు ఊళ్ళలో రెండు నకళ్ళు. ఎక్కడా కొనడానికి దొరకనిదాన్ని మాత్రం 352 చుక్కలకి కుదించి, అసలు తగలబెట్టాను. ఆ క్యాసెట్ ఉంటే ఇవాళ మంచి యంత్రంలో పెట్టి గంటకి 13 జీబీ లెక్కన డీవీలోకి ఎక్కించి ఉందును. రెండున్నర గంటలకి ముప్పై మూడు జీబీ. ఒక ఇంగ్లీషు సినిమాపాటి చేయదు.

అరిసెల పాకం దింపి, చేతులు తుడుచుకుంటూ మా ఆవిడ వచ్చి కూర్చుంది. మొదటి డిస్కు పెట్టాను. ప్లేయరు కాసేపు గీపెట్టి ఎలాగో చదివింది. మండపం బాగానే ఉంది, పంతులుగారు బాగానే ఉన్నారు. తలంబ్రాలు మొదలయ్యాయి. నేను చెప్పలా? తెరంతా గళ్ళు. గింజలు లేవు, చేతులు లేవు, పసుపూ తెలుపూ చదరాలు దొర్లుతున్నాయి. మా అమ్మ సరిగ్గా మా వెనకే నిలబడి ఉండేది. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. నవ్వుతున్న వీడియో అదొక్కటే. నేను టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను, దగ్గరికి వెళ్తే ఇంకా పెద్ద గళ్ళు.

"వెనక్కి రండి" అంది మా ఆవిడ. "ఇక్కణ్ణుంచి చూడండి. అదిగో, ఆకుపచ్చ గడి పక్కన. అత్తయ్యగారే. ఆ గద్వాల చీర నేను ఎక్కడున్నా పోలుస్తాను. మీ తల మీద పడ్డ గింజలు దులుపుతున్నారు."

నాకు కనిపించలేదు. మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టమంది. పెట్టాను. మూడోసారికి ఆకుపచ్చ గడి పైకి లేచి, పక్కకి వంగింది.

ఇదిగో, ఈ రెండు డిస్కుల్నీ ఉన్నవి ఉన్నట్టు, ఏ మీటా ముట్టుకోకుండా, మూడు చోట్లకి ఎక్కిస్తున్నాను. మీతో కబుర్లాడుతుండగానే ఒకటి అయింది. పెట్టె సంగతి అడగడానికి ఆవిడ మళ్ళీ వస్తుంది. మొత్తం అటక మీదికే అని చెప్పేస్తాను, మీరు కాస్త ఆ చివర పట్టండి.